దర్శనము మొదలు మేకు వరకు

బెర్ను నగరపు పాతపేటలో, రాతికమానుల వసారాలు ఇరుప్రక్కల బారులు తీర్చిన యొక వీధికి గెరెష్టిగ్‌కైట్స్‌గాస్సె యని పేరు. మన మాటలలో న్యాయవీధి యనవచ్చును. వీధి నడుమ, పదునారవ శతాబ్దమున గట్టిన నీటిధార మీద, కన్నులకు గంత గట్టుకొని యొక చేత ఖడ్గమును వేరొక చేత త్రాసును ధరించిన న్యాయదేవత నిలిచియుండును. 1974 ఫిబ్రవరి మాసమున ఆ వీధిలోని యొక యింటి మెట్లెక్కి పైకి బోయినవారికి, చిన్నచిన్న గదులలో దువ్వెనలు, కత్తెరలు, సవరములు, స్త్రీల జుట్టునకు వంకులు తీర్చుటకై తీగెలు వ్రేలాడదీసిన విద్యుద్యంత్రము, వాడి వాడి నునుపెక్కిన కుర్చీలు, కుటుంబపు ఛాయాచిత్రములు ఇంచుమించు 1,200 వస్తువులు ఒద్దికగా నమర్చియుండుట కనబడెను. అవి అమ్మకమునకు బెట్టినవి కావు. వేలమునకు దెచ్చినవియు గావు. ఒక మనుమడు, చనిపోయిన తన తాతగారి సొత్తును, ఒకప్పుడు తాను గాపురమున్న యింటిలో, లోకమునకు జూపుటకై అమర్చిన ప్రదర్శనమది. దానికాతడు పెట్టిన పేరు ‘తాత, మనవంటి యొక మార్గదర్శి’ యని.

ఆ తాత పేరు ఎతియెన్ జేమన్. హంగేరీ మూలము గల కుటుంబములో 1873లో బుట్టి, కేశాలంకరణ వృత్తిని జేపట్టి, బెర్నులో స్థిరపడి, 98 యేండ్లు బ్రదికి 1971లో గన్నుమూసెను. మనుమని పేరు హరాల్డ్ జేమన్. ఈ ప్రదర్శనమునకు ఇంచుమించు రెండేండ్ల క్రిందట ఆ మనుమడు జర్మనీలోని కాసెల్ నగరమున, నూరుదినములపాటు, సమకాలికకళకు సంబంధించిన మహాప్రదర్శనమొకదానిని సర్వాధికారియై నడపెను. 2,20,000 మందికి పైగా జనము దానిని జూచిరి. అంతటి కొలువు నుండి తాత దువ్వెనల దగ్గరకు వచ్చుట పతనమని కొందరనుకొనిరేమో! నా మట్టుకు నాకు, ఆతని జీవితములో నన్నిటికంటె నిండైన ఘట్టము ఆ మేడగదులలోనే నడచినట్లు తోచును. ఎందువలన నట్లు తోచునో చెప్పుటకు, ముందుగా ఆతని వృత్తి యెట్టిదో కొంచెము చెప్పుకొనవలెను.

ఆ వృత్తికి మనకు దెలుగున నిలుకడయైన పేరు లేదు, క్యూరేటరనియే యందుము. మాట లాటిను నుండి వచ్చినది. ‘కూర’ యనగా శ్రద్ధ, పోషణము, కనిపెట్టియుండుట. రోమనగరమునకు నీళ్లు దెచ్చు కాలువలపై నధికారిని ఆ మాటతోనే పిలిచిరి. క్రీస్తుశకము 97లో ఆ యుద్యోగమును స్వీకరించిన ఫ్రాంటినసు కాలువలను గూర్చి గ్రంథమే వ్రాసెను. తరువాత క్రైస్తవ మతములో ఆత్మలను గనిపెట్టు గురువులకును ఆ మాటనుండియే పేరు వచ్చినది. నీళ్లయినవి, ఆత్మలయినవి, కడకు వస్తువుల వంతు వచ్చెను. మదరాసు ఎగ్మూరు మ్యూజియములో అమరావతి శిల్పములను జూచి వచ్చిన మనవారికి గాని, హైదరాబాదులో సాలార్‌జంగు మ్యూజియము గదులు తిరిగినవారికి గాని క్యూరేటరనగా మనస్సున దోచు మూర్తి ఇదియే: పెద్దపెద్ద రిజిస్టరులలో వస్తువునకొక సంఖ్యయు, అది దొరికిన తావును, దాని పొడుగు వెడల్పులును వ్రాయించి, చెమ్మకు జెదలకు దొంగలకు దానిని దక్కనీయక కాచువాడు. ఆతని పేరు జనమునకు దెలియదు, తెలియనక్కరయు లేదు. సొమ్మొకరిది, సృష్టి వేరొకరిది, కావలి మాత్రమే యాతనిది.

ఇరువదవ శతాబ్దపు నడిమి భాగమునకు ఐరోపాలో ఈ కావలివాని నడత మారజొచ్చెను. ఆమ్‌స్టర్‌డాములో విల్లెం సాండ్‌బెర్గ్, స్టాక్‌హోములో పోంటుస్ హుల్టేన్ మ్యూజియము తలుపులను బార్లదెరచి, నాటికి నాడు పుట్టుచున్న కళను లోపలికి రానిచ్చిరి. వారిని జూచి నేర్చినవాడే జేమన్. అయినను వారికిని ఈతనికిని భేద మొకటి కలదు. వారు మ్యూజియములకు అధిపతులై యుండియే క్రొత్తదనమును సాధించిరి. ఈతడు మ్యూజియమునే విడిచిపెట్టి, చేత నొక్క వస్తువైనను లేకయే, అమర్చుట యనుదానినే వృత్తిగా బెట్టుకొని బ్రదుకవచ్చునని చూపిన మొదటివారిలో ముఖ్యుడు.

హరాల్డ్ జేమన్ 1933 జూన్ 11న బెర్నులో జన్మించెను. బెర్నులోను పారిస్‌లోను కళాచరిత్రమును, పురావస్తుశాస్త్రమును, పత్రికారచనమును జదివెను. చదువుకొను దినములలో నాటకములపై మోజుపడి ఒక నాటకబృందములో జేరి, పదిమందితో బని చేయుటలో కలుగు చిక్కులకు విసిగి, కడకు ఏకపాత్ర నాటకశాల నొకదానిని దనకు దానే పెట్టుకొనెను. ఆటగాడును తానే, తెర గట్టువాడును తానే, దీపము లెత్తువాడును తానే. ఈ వివరమును చరిత్రకారులు ముచ్చటకై చెప్పి దాటిపోవుదురు గాని, ఆతని తరువాతి యేబదియేండ్ల బ్రదుకంతయు నిందులోనే యిమిడియున్నది. 1957లో సెయింట్‌గాలెన్ నగరమున, చిత్రములు వ్రాసిన కవులను గూర్చియు కవితలు వ్రాసిన చిత్రకారులను గూర్చియు జరిగిన ప్రదర్శనమును గూర్చుటలో పాలుపంచుకొనగా, అందులో నాతనికి నాటకశాలలో దొరకిన సుఖమే దొరకినదట. ప్రారంభోత్సవమునకు తెర లేచినట్లుండును, గడువు తీరగానే అంతయు విప్పి మూట గట్టవలెను, మిగులునది జ్ఞాపకము. తేడా యేమనగా, ఇచ్చట పాత్రలు ఎదురుచెప్పవు. ఎదురుచెప్పు పాత్రలు తరువాత గొల్లలుగా దొరకినవి లెండు!

1961లో, 28 యేండ్ల ప్రాయమున, ఆతనిని బెర్ను కున్‌స్ట్‌హాలెకు డైరెక్టరుగా నియమించిరి. కున్‌స్ట్‌హాలె యనగా కళామందిరము. కాని మ్యూజియము కాదు. 1918లో స్థానిక కళాకారుల పూనికతో వెలసిన ఆ భవనమునకు సొంతమైన వస్తుసంచయము లేదు. దాచుటకు వస్తువు లేదు గనుక క్యూరేటరునకు గావలిపని లేదు. ఉన్నదంతయు తెచ్చి చూపి పంపివేయు పని. ఏటికి పది పండ్రెండు ప్రదర్శనములు నడపవలసి వచ్చెడిది. జేమన్ ఈ వేగమును భారముగా దలపక వరముగా దలచెను. దేవతలకు మ్రొక్కుబడిగా జెల్లించిన చిత్రపటములను, తోలుతోను కొయ్యతోను జేసిన బొమ్మలను, మనోవ్యాధిగ్రస్తులు గీసిన చిత్రములను, విజ్ఞానకల్పనాకథల బొమ్మలను ఒకదాని వెనుక నొకటిగా ఆ గదులలోనికి దెచ్చెను. 1963లో హైడెల్‌బర్గు వైద్యశాల నుండి మనోరోగుల చిత్రములు దెప్పించి చూపినపుడు, కళ యెచ్చట మొదలై యెచ్చట ముగియునను ప్రశ్నను ఆతడు వేదాంతిగా వేయలేదు. గోడకు మేకు గొట్టి వేసెను.

1968లో కున్‌స్ట్‌హాలెకు యేబదియేండ్లు నిండినవి. అట్టి యుత్సవమునకు మన యూళ్లలోనైనచో సున్నము గొట్టించి మామిడి తోరణములు గట్టుదురు. జేమన్ ఆ భవనమునే మూట గట్టించెను. క్రిస్టో, జాన్-క్లోద్ అను కళాకార దంపతులు 2,430 చదరపు మీటర్ల ప్లాస్టిక్ వస్త్రముతో, మూడు కిలోమీటర్ల నైలాను త్రాటితో కట్టడము నెల్ల జుట్టబెట్టిరి. లోనికి బోదలచినవారు ఆ వస్త్రమున గోసిన చీలిక గుండ దూరవలసినదే. అప్పుడొక తమాషా జరిగినది. చుట్టబెట్టిన భవనమునకు మేము పూచీపడజాలమని బీమా కంపెనీలు తప్పుకొనెను. అందుచే నిప్పంటుకొనకుండ, ఎవరును చింపకుండ, రేయింబగళ్లు కావలివాండ్రను నిలుపవలసివచ్చెను. దాచుటకు వస్తువేమియు లేని మందిరమునకు, ఆ మందిరమే దాచవలసిన వస్తువైనది. కావలి ఖర్చు తట్టుకొనలేక వారము దిరుగకుండ మూట విప్పివేసిరి.

మరుసటి యేటి ప్రదర్శనముతో ఆతని పేరు చరిత్రకెక్కినది. దాని పుట్టుక చిత్రమైనది. ఆమ్‌స్టర్‌డామునకు బోయి, యువకళాకారుల పనిగదులను జూచుచు యాన్ డిబెట్స్ అనువాని గదికి వెళ్లగా, ఆతడు రెండు బల్లల వెనుక నిలిచి జేమన్‌ను స్వాగతించెను. ఒక బల్ల పైభాగమునుండి నియాను దీపపు వెలుగు వచ్చుచుండెను. వేరొక బల్లమీద గడ్డి మొలచియుండగా ఆతడు దానికి నీళ్లు పోయుచుండెను. చిత్రమా, శిల్పమా, తోటపనియా? జేమన్‌కు ఆ నీళ్లు పోయు చేతి కదలికయే కళగా దోచెను. ముగిసిన వస్తువును గాక, ముగియని చేష్టను జూపెదనని నిశ్చయించుకొని, న్యూయార్కు మొదలు రోమునగరము వరకు తిరిగి 69 మంది కళాకారుల పేర్లను జేర్చెను. 1969 మార్చి 22న తలుపులు తెరచిరి. ‘వైఖరులు రూపము దాల్చునపుడు’ అని ఆ ప్రదర్శనము పేరునకు భావము. ధనమిచ్చినది ఫిలిప్ మోరిస్ అను అమెరికా సిగరెట్టు కంపెనీ. వస్తువును నిరాకరించు కళకు, పొగయై పోవు వస్తువును అమ్మువారే పోషకులగుటలో నేదియో పొందిక కలదు.

ఆ దినములలో కున్‌స్ట్‌హాలె లోపల జరిగినదానిని చెప్పబోయినచో, కూల్చుటకు వచ్చిన కూలీల పట్టికవలె నుండును. రిచర్డ్ సెరా సీసమును గరగించి గోడ మొదట జిమ్మెను. లారెన్స్ వైనర్ మెట్లప్రక్క గోడపై చదరముగా 36 అంగుళముల మేర గార నూడదీసెను. ఊడదీసిన ఖాళీయే ఆతని కృతి. యోసెఫ్ బోయ్స్ గది మూలలలో క్రొవ్వును మెత్తెను. మైకేల్ హైజర్, కట్టడములను గూల్చు ఇనుపగుండును దెప్పించి మందిరము ముందటి బాటను బ్రద్దలు చేయించెను. రిచర్డ్ లాంగ్ ఏ వస్తువును దేలేదు. బెర్ను కొండలలో నడచి వచ్చి, నడచితినని గోడమీద ప్రకటనము మాత్రము పెట్టించెను. పిలువని పేరంటముగా వచ్చిన డానియెల్ బ్యురెన్ రాత్రివేళ ఊరి గోడలపై చారల కాగితములు అంటించుచు పోలీసులకు జిక్కెను. వీరందరికి తావు జూపి, సామాను దెచ్చి, అటు నగరసభవారికి ఇటు పత్రికలవారికి సమాధానము చెప్పుకొనుచు, గోడలను వారి కప్పగించి ప్రక్కకు దొలగి నిలిచినవాడు జేమన్. ప్రదర్శనశాల పనిగదియైనది. మ్యూజియములో మనకు గనబడునది పండిన పండు. ఇచ్చట చెట్టు కదలుట కనబడినది. దాని విలువ అదియే.

బెర్ను ప్రజలకది విలువగా దోచలేదు. మందిరము ముంగిట పేడ తెచ్చి కుప్పవోసిరి. పత్రికలు ఎగతాళి చేసెను. ప్రజలధనముతో బాగుచేయించిన బాటను బ్రద్దలు కొట్టించినవానిపై కోపగించుటలో బెర్ను పౌరుని నేను తప్పుపట్టజాలను. కాని జేమన్‌కు దగిలిన దెబ్బ పౌరునిది కాదు, కళాకారులది. కున్‌స్ట్‌హాలె పాలనలో హక్కుగల స్థానిక కళాకారుల సంఘము, ఇకముందు కార్యక్రమము మా సమ్మతిపై నడువవలెనని పట్టుబట్టి, బోయ్స్ కృతులతో ఆతడు తలపెట్టిన ప్రదర్శనమును కాదనెను. ఎనిమిదేండ్ల యుద్యోగమునకు జేమన్ రాజీనామా ఇచ్చెను.

ఉద్యోగము వదలినవాడు ఒక సంస్థను స్థాపించెను. సంస్థ యన్నమాటయే గాని అందులో నున్నది తానొక్కడే. మరల ఏకపాత్ర నాటకశాలయే. దానికి పెట్టిన పేరును ‘మేధాసంబంధమైన యతిథికూలి పనుల ఏజెన్సీ’ యని తెనిగింపవచ్చును. ‘అతిథికూలి’ యను మాట అప్పటి స్విట్జర్లాండులో నవ్వుటకు వాడినది కాదు. ఇటలీ మొదలగు దేశములనుండి వచ్చి, ఆ దేశపు బాటలను సొరంగములను నిర్మించుచు, ఏండ్లు గడచినను పరాయివారుగానే మిగిలిన శ్రామికులకు జర్మను భాషలో పేరది. విదేశీయుల సంఖ్యకు కట్టుదిట్టమైన హద్దు విధింపవలెనని కోరు ప్రతిపాదనపై 1970 జూన్‌లో స్విస్ పురుషులు వోటు వేయగా, నూటికి 54 వంతులు కాదనుటచే అది వీగిపోయెను. హంగేరీ యింటిపేరు గల కేశాలంకారకుని మనుమడు, సరిగా ఆ దినములలో, తన వృత్తికి ఆ కూలివాని పేరునే యెత్తుకొనెను. కరీంనగరునుండియు కోనసీమనుండియు కొల్లలుగా గల్ఫు దేశములకు బోయి, ఏండ్లతరబడి పనిచేసి, ఆ యూరివారు గాకయే తిరిగివచ్చువారి నెరిగిన తెలుగువారికి ఆ పేరులోని చురుకు వేరుగ జెప్పనక్కరలేదు. ఆ ఏజెన్సీకి రబ్బరుముద్రలు చేయించుకొని, కాగితములపై గ్రుద్దుకొనుచుండెడివాడు. వానిలో నొక ముద్రలోని మాట, దర్శనము మొదలు మేకు వరకు అను నర్థమిచ్చును. ఊహించుటయు నాదే, మేకు గొట్టుటయు నాదే యని భావము. క్యూరేటరను పేరును ఆతడు ఇష్టపడలేదు. కుండలు చేయువానిని కుమ్మరి యన్నట్లు, ప్రదర్శనములు చేయువాడను మాటనే జర్మనులో తన వృత్తికి వాడుకొనెను.

ఆ ముద్రను వెంటబెట్టుకొని 1972లో కాసెల్‌కు జేరెను. కాసెల్ యుద్ధములో బాంబులకు గాలిన యూరు. నాజీలు ‘భ్రష్టకళ’ యని వెలివేసిన కళను మరల దేశమునకు జూపవలెనను సంకల్పముతో ఆర్నోల్డ్ బోడె యను చిత్రకారుడు 1955లో అక్కడ డాకుమెంటా యను ప్రదర్శనమును మొదలిడెను. నాలుగేండ్లకో అయిదేండ్లకో ఒకమారు నూరు దినములు నడచు ఆ యుత్సవమునకు అంతవరకును సభ్యుల సంఘములు కూర్చుండి, వాదించి, వోటు వేసి కళాకారులను ఎంచుచుండెడివి. అయిదవ డాకుమెంటాకు సంఘమును దీసివేసి, ప్రధానకార్యదర్శి యను పేరుతో జేమన్‌నొక్కనినే నిలిపిరి. చిత్రశిల్పముల ప్రక్కనే వ్యాపార ప్రకటనములు, భక్తిపటములు, చౌకబారు అలంకారవస్తువులు, మనోరోగుల చిత్రములు, విజ్ఞానకల్పనల బొమ్మలు ఆతడు నిలుపజూచెను. బోయ్స్ ఆ నూరుదినములును ఒక గదిలో కార్యాలయము పెట్టి, ప్రత్యక్ష ప్రజాస్వామ్యమును గూర్చి వచ్చినవారితోనెల్ల వాదించి, కడనాడు ఒకనితో ముష్టియుద్ధము చేసి ముగించెను. మార్సెల్ బ్రోటార్స్ తన కల్పిత మ్యూజియమునందలి ‘గ్రద్దల శాఖ’ను అచ్చట నెలకొల్పెను. కేటలాగు పుస్తకమువలె గాక, కాగితములు విప్పి కూర్చుకొనదగిన నారింజరంగు ఫైలుగా నుండెను. దాని యట్టమీద ఎడ్ రుషే గీసిన చీమలు బారుగట్టి 5 అంకెయై నిలిచినవి.

ఆ చీమలను జూచినపుడెల్ల నాకు కొందరు కళాకారుల మొర జ్ఞప్తికి వచ్చును. సెరా, స్మిత్‌సన్, జడ్ మొదలైన పదిమంది అమెరికా కళాకారులు, తమ కృతులను ఏ శీర్షిక క్రింద, ఏ గదిలో, ఎవరి సరసన నిలుపవలెనో నిర్ణయించు హక్కు తమదేనని బహిరంగలేఖ వ్రాసిరి. రాబర్ట్ మోరిస్ తన కృతులను ఉపసంహరించుకొనెను. బ్యురెన్ ఈసారి పేరంటమునకు పిలువబడియే వచ్చి, గోడలకు చారల కాగితము పరచి, కేటలాగులో కుండ బద్దలు కొట్టెను. ఇకమీద ప్రదర్శింపబడునది కళ కాదు, ప్రదర్శనమే కళాఖండమై కూర్చున్నది, మేమందులో రంగుమరకలమని ఆతని వాదసారము. మూడేండ్ల క్రిందట బెర్నులో గోడలను వీరి కప్పగించి ప్రక్కకు దొలగిన మనుష్యుడు, కాసెల్‌లో వీరినే గోడలుగా వాడుకొనెనా? నా యభిప్రాయమున ఈ మొరలో న్యాయము కలదు. వ్యాఖ్యాత మూలమును మించవచ్చునా యను వివాదము మన సాహిత్యమునను క్రొత్తది కాదు. కాని వ్యాఖ్యాత మూలశ్లోకములను దెచ్చి తన శ్లోకమున పాదములుగా గూర్చినచో నది వ్యాఖ్యానము గాదు. చివరిదినమున బాల్తజార్ బుర్క్‌హార్డ్ తీసిన ఛాయాచిత్రమొకటి కలదు. అందులో జేమన్, చుట్టును తోడివారు మూగియుండగా, గడ్డముతో, కుర్చీలో వెనుకకు వ్రాలి కూర్చున్నాడు. ఎవరి కుర్చీయో గాని, చూచువారికది సింహాసనము.

సింహాసనము నిలువలేదు. లెక్కలు చూడగా నష్టము దేలినది. దానిని ఆతడే వ్యక్తిగతముగా భరింపవలెనని నిర్వాహకులు వ్యాజ్యము వేతుమని బెదరించువరకు బోయిరి. ఏ మ్యూజియమును పిలిచి కొలువీయలేదు. ఈ స్థితిలో ఆతడు బెర్నునకు మరలి, న్యాయవీధి మేడగదులలో తాత సామానును విప్పెను.

ఇచ్చట ఎదురుచెప్పు కళాకారుడు లేడు, నష్టములెక్కించు సంఘము లేదు, సిగరెట్టు కంపెనీయు లేదు. అయినను ఆతని నైపుణ్యమంతయు నిందులో గలదు. ఎతియెన్ జేమన్ జుట్టునకు వంకులు తీర్చు యంత్రము, ఆధునిక శిల్పములలో దేనికిని తీసిపోని వింతరూపము గలది. దువ్వెనలను పరిమాణక్రమమున బేర్చుట, సవరములను తలబొమ్మలపై నిలుపుట, తాత పడకటింటిని ఉన్నదున్నట్లు గూర్చుట, ఈ పనులలో క్రొత్తపుంతలు త్రొక్కినవానికి, పాతవస్తువును భద్రముగా తుడిచి దాని తావున బెట్టు రోమనుల నాటి ‘కూర’ తిరిగి చేజిక్కినది. మార్గదర్శి యను బిరుదమును కళాకారులకు గాక, స్త్రీల జుట్టు తీర్చి బ్రదికిన వృద్ధున కిచ్చుటలో కొంత గడుసుదనము కలదు. కాని ప్రేమయే యెక్కువ. తాత యన్నిటిని దాచినవాడు. మనుమడు ఏమియు దాచక తిరిగినవాడు. అమర్చుటలో మాత్రము ఇద్దరును ఒకే వృత్తివారు.

అటుపిమ్మట ఆతడు చేసిన మంచి ప్రదర్శనములన్నిటిలో ఈ తాతగది నీడ యుండును. ఇటలీ సరిహద్దున, అస్కోనా గ్రామముపై, మోంటె వెరిటా యను చిన్నకొండ కలదు. సత్యగిరి యని దాని యర్థము. 1900 ప్రాంతమున కొందరు యువతీయువకులు నగరజీవితమును, మాంసాహారమును, బిగుతు దుస్తులను వదలి అక్కడ ఆశ్రమము గట్టుకొనిరి. అరాజకవాదులు, నర్తకులు, చిత్రకారులు, దివ్యజ్ఞానవాదులు వారి వెంట వచ్చిరి. అంతకుమునుపే అక్కడ మఠము కట్టదలచినవారిలో ఫ్రాంజ్ హార్ట్‌మన్ అను వైద్యుడొకడు. ఆతడు 1880 నాటి దశకములో మదరాసు అడయారు దివ్యజ్ఞానసమాజమున గొంతకాలము కార్యభారము వహించినవాడు. ఇట్లు మన తూర్పుతీరపు గాలి ఆ కొండపైకిని కొంచెము వీచినది. జేమన్ ఏండ్లతరబడి ఆ యూళ్లలో ఇల్లిల్లు తిరిగి, అటకలపై మరచిన ఉత్తరములను, దుస్తులను, పటములను, గుడిసెల నమూనాలను సేకరించి 1978లో ప్రదర్శించెను. ఓడిపోయిన యాదర్శముల చరిత్రమది. నూరుదినముల మనిషి అక్కడ శాశ్వతమైనదానిని విడిచెను. 1981 నుండి ఆ సేకరణము ఆ కొండమీదనే, కాసా అనట్టా యను కొయ్యయింటిలో, మ్యూజియమైనది.

సంతతిలేని యంత్రములను గూర్చి 1975లోను, సకలకళలను ఏకము చేయదలచిన స్వప్నద్రష్టలను గూర్చి 1983లోను ఆతడు చేసిన ప్రదర్శనములు అనేక నగరములు తిరిగినవి. మొదటిదానిలో కాఫ్కా కథయందలి శిక్షాయంత్రమును, కథలోని వర్ణనమును బట్టి, నిజముగా జేయించి నిలిపెను. 2002లో స్విట్జర్లాండు జాతీయప్రదర్శనమున కేంద్రబ్యాంకు పనుపున ధనమును గూర్చి యొక మంటపము గట్టుచు, చెలామణినుండి తీసివేసిన నోట్లను జనము కన్నులయెదుట యంత్రముచే ముక్కలు చేయించెను. చూచినవారిలో ఎందరికి కడుపు తరుగుకొనిపోయెనో!

వెనీసు నగరపు బియనాలెలో 1980లో సహచరునితో గలిసి యువకళాకారుల కొక విభాగమును మొదలిడిన జేమన్, 1999లోను 2001లోను ఆ మహోత్సవమునకే సంచాలకుడయ్యెను. కాసెల్, వెనీసు రెంటిని నడపిన మొదటివాడాతడే. రెండవవాడు నైజీరియాలో బుట్టిన ఒక్వీ ఎన్వెజార్. 1999లో చీనా కళాకారులను ఇరువదిమంది వరకు వెనీసునకు బిలిచెను. వారిలో త్సై గువొ-చ్యాంగ్ అనువాడు, 1965లో సిచువాన్ ప్రాంతమున మట్టితో జేసిన ‘శిస్తు వసూలు ముంగిలి’ యను శిల్పసమూహమును పనివాండ్రచే అక్కడ మరల జేయించెను. భూస్వామి కచేరిముందు ధాన్యము కొలువ వచ్చిన పేదరైతుల దైన్యము దాని విషయము. జమీందారీ గాదెల నెరిగిన మన జిల్లాలవారికి వింతగా దోచునది కాదు. కాల్చని మట్టి యగుటచే, జనము చూచుచుండగనే బొమ్మలు బీటలువారి రాలుచుండెను. స్వర్ణసింహ బహుమానము దానికి వచ్చెను. 1972లోనే ఆ మూలశిల్పమును కాసెల్‌కు రప్పింపవలెనని ప్రయత్నించి విఫలుడైన జేమన్‌కు, 27 ఏండ్లకు ఇట్లు కోరిక తీరినది. తీరినతోడనే చీనాలోని మూలశిల్పుల పక్షమువారు, మా కృతిని దొంగిలించిరని తగవునకు వచ్చిరి. కర్త యెవడు? చేసినవాడా, మరల జేయించినవాడా, పిలిచి నిలిపినవాడా? బ్యురెన్ వేసిన ప్రశ్న ముసలితనమునను ఆతని వెన్నంటియే యుండెను.

టిచీనో ప్రాంతమున మాజ్జా లోయలో, గులాబిరంగు గోడల పాతకర్మాగారమొకటి ఆతని పనిచోటు. భార్య ఇంగెబోర్గ్ ల్యూషెర్ చిత్రకారిణి. సమీపమున తెన్యా గ్రామమున నివాసము. కర్మాగారము నిండ అటకలు, పెట్టెలు, త్రాళ్లు గట్టిన కట్టలు. తాను కొన్న ప్రతి రైలుటిక్కెట్టును, వ్రాసిన ప్రతి యుత్తరపు నకలును దాచినట్లుండెను. ‘వ్యామోహముల మ్యూజియము’ అని తన తలలో నొక మ్యూజియము కలదనియు, దాని నెన్నటికిని గట్టజాలననియు చెప్పుకొనుచుండెడివాడు. దాచుట తెలియనివాడని నేను పైన వ్రాసితిని గదా. ప్రదర్శనములను దాచలేదు గాని, వాని కాగితమును ఒక్కటియు బారవేయలేదు. 2005 ఫిబ్రవరి 18న ఆతడు మరణించెను. బెల్జియము దేశమును గూర్చి కూర్చిన కడపటి ప్రదర్శనము, ఆతడు పోయిన కొద్దిదినములకు బ్రస్సెల్సులో దెరవబడినది.

2011లో లాస్ ఏంజిల్స్‌లోని గెట్టి పరిశోధనసంస్థ ఆ కర్మాగారమునందలి సర్వస్వమును గొనెను. ఒక్క పుస్తకములే యిరువదివేలకు మించినవి. అవి యోడ లెక్కి సముద్రము దాటిపోయి, పెట్టెకొక సంఖ్య, కట్టకొక చీటి వేయించుకొని, చెమ్మ సోకని గదులలో రిజిస్టరుల కెక్కినవి. 1969 నాటి ప్రదర్శనమును 2013లో వెనీసునందలి యొక ప్రాసాదమున, బెర్ను గదుల గోడలను నేలలను గూడ కొలత తప్పకుండ గట్టి, మరల నిలిపిరి. బ్రద్దలగుటకై పుట్టినదానిని బ్రద్దలైనట్లే భద్రపరచుట చూడగా నాకు కొంచెము నవ్వు వచ్చినమాట నిజము.

2018లో మాత్రము తాతగదిని బెర్నులో మరల నిలిపినపుడు ఎవరును ప్రాసాదమును వెదకలేదు. న్యాయవీధిలో ఆ పాత మేడగదులే దొరకినవి. పాతఛాయాచిత్రములు చేతబట్టుకొని, ఏ కత్తెర ఏ దిక్కునకు మొగమై యుండెనో, ఏ దువ్వెన ఎచ్చట వ్రాలియుండెనో చూచి చూచి, చేతొడుగులు వేసుకొన్న పనివారు ఒక్కొక్కటిగా అమర్చిరి. జుట్టునకు వంకులు తీర్చు యంత్రము తన తీగెలను వ్రేలవేసికొని మునుపటి మూలనే నిలిచినది.